అసీల్: పేరు పుంజుది, కష్టం పెట్టది

'అసలు' అచ్చ తెలుగు మాట అనుకునేవాళ్లు మా డిగ్రీ క్లాసులో చాలామంది ఉండేవాళ్లు. అసలూ వడ్డీలో అసలు, 'అసలేమైంది?' అన్నప్పటి అసలు, రెండూ అరబీ 'అస్ల్' నుంచి వచ్చినవే. అస్ల్ అంటే వేరు, మూలం. అసీల్ కూడా దాని బిడ్డే. మేలైన నస్ల్‌ది, ఖాందానీది అని అర్థం. స్కూలంతా ఉర్దూలో చదివి తెలుగు డిగ్రీకి వచ్చినవాణ్ణి కనక నాకు ఈ మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. మన దగ్గర ఆ ఖితాబు ఒక కోడికి దక్కింది.

అసీల్‌ని ఒకసారి చూస్తే మర్చిపోలేం. పొడుగు కాళ్లు, నిక్కబొడిచిన మెడ, తలకి అతుక్కున్నట్టుండే చిన్న తురాయి. పుంజు నాలుగైదు కిలోలు తూగుతుంది, పెట్ట మూడు నాలుగు. సర్కారీ పుస్తకాల్లో దీని రకాల పేర్లు చూడండి: పీలా, నూరీ, యాకూబ్, కాగర్, చిత్తా, సబ్జా. దస్తర్‌ఖాన్ మీద మాటల్లా లేవూ? మన పందెగాళ్ల తెలుగులో కాకి, డేగ, నెమలి, పర్ల, సేతువ ఉన్నాయి. వాటి మధ్యే అబ్రాసు, గేరువా కూడా కూర్చున్నాయి. కోడి ఈకల మీద రెండు జబాన్లూ ఎప్పుడో కలిసిపోయాయి.

దీని తారీఖ్ రాసినవాళ్లంతా మైదాన్ గురించే రాశారు. పన్నెండో శతాబ్దపు పల్నాటి కథలో నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం ఒక రాజ్యాన్నే ఊరు దాటించింది. 1784లో లక్నోలో కల్నల్ మోర్డాంట్ కోళ్లకీ నవాబ్ ఆసఫుద్దౌలా కోళ్లకీ జరిగిన పందేన్ని జొఫానీ అనే చిత్రకారుడు వారన్ హేస్టింగ్స్ కోసం బొమ్మగా వేశాడు. అబ్దుల్ హలీమ్ షరర్ 'గుజిష్తా లక్నో'లో ముర్గ్‌బాజీ గురించి శౌఖ్‌గా రాశాడు. జంతువుల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పొద్దని హదీసు ఉన్న సంగతి ఆ నవాబుల మహఫిల్లో ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు.

ఇంగ్లీషువాళ్లు చూసి ఊరుకోలేదు, పట్టుకుపోయారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో అసీల్‌నీ మలయ్ కోడినీ అక్కడి పందెం కోడితో కలిపి ఒక కొత్త జాతి తీశారు. దానికి మొదట పెట్టిన పేరు 'ఇండియన్ గేమ్', తర్వాత 'కార్నిష్' అయ్యింది. పోరాటానికి అది పనికిరాలేదు గానీ రొమ్ముమాంసం మాత్రం దండిగా వచ్చింది. 1948లో అమెరికాలో 'రేపటి కోడి' పేరుతో పెద్ద పోటీ పెడితే, గెలిచింది కార్నిష్ రక్తమున్న సంకరమే. ఇవాళ్టి బ్రాయిలర్ ఆ దారిలో వచ్చిందే. శుక్రవారం మన బిర్యానీ దేగ్‌లో పడే ఆరు వారాల తెల్లకోడిలో అసీల్ రక్తం ఎంతో కొంత ఉంది. మనవడు బజారంతా నిండిపోయాడు, తాత దొరకడమే కష్టమైంది.

ఇంత కథలోనూ పెట్ట మాట ఎక్కడా రాదు. నాకు కోపం అక్కడే. నస్ల్ నిలబడింది మైదాన్‌లో కాదు, ఆంగన్‌లో. పల్నాడులో మా నానీమా ఇంట్లో పెట్టలు ఎప్పుడూ ఐదారుకి మించేవి కావు. ఊళ్లలో అసీల్ పెట్ట ఏడాదికి పెట్టేది ముప్పై నలభై గుడ్లే. వాటిలో కూరకి ఎన్ని, పిల్లలకి ఎన్ని అనే ఫైసలా నానీమాదే. పెట్ట కుడక్ అయ్యిందంటే గంపలో ఇసక పోసి, పది గుడ్లు ఏరి పెట్టేది. అన్నీ ఒకే పెట్టవి కావు. ఇరవై ఒక్క రోజులు ఆ మూలకి మమ్మల్ని రానిచ్చేది కాదు. పిల్లలు దిగాక ఆ తల్లి గద్ద మీదికి కూడా ఎగిరేది.

పుంజుని మాత్రం ఒకటి రెండేళ్లకోసారి మార్చేది. సొంత పుంజు పిల్లల్ని దానికే కలిపితే నస్ల్ చిక్కిపోతుందని ఆమెకి ఏ పుస్తకమూ చెప్పలేదు. వేరే మొహల్లా నుంచి పుంజుని అడిగి తెచ్చేది, బదులుగా ఒక పఠ్ఠాని పంపేది. పఠ్ఠాలు ఎదిగేకొద్దీ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, విడివిడిగా కట్టాలి. అందుకే చిన్న మందే దీనికి సరిపోతుంది. వెయ్యి పుంజుల్ని ఒక షెడ్డులో వదిలితే తెల్లారేసరికి ఏం మిగులుతాయి?

ఇప్పుడు ఇళ్లకి ఆంగన్లు లేవు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో డర్బా పెడితే తెల్లవారుజామున పుంజు అజాన్‌కి పక్కింటివాళ్లు తలుపు కొడతారు. ఆంగన్ మిగిలిన ఇళ్లకి కొక్కెర తెగులు వస్తుంది. టీకా వేయించకపోతే వారంలో డర్బా ఖాళీ. 1960 నాటి చట్టం జంతువుల్ని కొట్లాటకి ఉసిగొల్పడాన్ని నేరమంది. అయినా సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పందేలు ఆగలేదు. అక్కడ వేగం కోసం పెరూ పుంజులతో కలుపుతున్నారు. ఆ పిల్లల్ని కూడా 'అసీల్' అనే అమ్ముతున్నారు. వేలు పోసి కొన్నవాడికి దక్కేది పేరే.

ఉమ్మడి తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ ఆడవాళ్లకి 'వాట' అనే పాత పద్ధతి ఉంది. ఒకామె పెట్టని ఇంకొకామెకి పెంచమని ఇస్తుంది, దిగిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. 'అంత్ర' అనే సంస్థ అసీల్‌ని మళ్లీ ఆ ఊళ్లకి తేవడానికి ఈ వాటనే వాడుకుంది. పెట్ట తీసుకున్నామె ముందు ఇంట్లోవాటికి టీకా వేయించాలి, తర్వాత తన పెట్ట పిల్లల్లోంచి వాటా తీసి మరో ఇంటికి ఇవ్వాలి. ఆ ఇంటామె ఇంకో ఇంటికి.