వనరుల సంరక్షణ (నడిగడ్డ, వనపర్తి, నాగర్‌కర్నూలు)

సొంతం కాని ఆస్తిని సొంతదానికన్నా జాగ్రత్తగా చూసుకోవడమే వనరుల సంరక్షణ. చెరువు దీనికి దగ్గరి ఉదాహరణ. నీటి వంతులు నడిపే నీరటికాడు తూము తెరిచేవాడే తప్ప నీటికి యజమాని కాడు. కట్ట మరమ్మతు చేసేవారికి పూర్వం దశబంధం అనే భూమి ఇనాములు దక్కేవి.

వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు 1949లో ఊకచెట్టువాగుపై మదనాపురం దగ్గర సరళాసాగర్ జలాశయం పనులు మొదలుపెట్టించారు. 1959లో అది ప్రారంభమైంది. దీని ప్రత్యేకత సైఫన్లు. నీటిమట్టం నిండు స్థాయికి చేరగానే పొర్లే నీరు లోపలి గాలిని తరిమేస్తుంది, వరద దానంతటదే దిగువకు పోతుంది. మట్టం తగ్గి గాలి చొరబడితే ప్రవాహం ఆగుతుంది. గేటు ఎత్తే మనిషి అక్కర్లేదు. అయితే కట్టకు మాత్రం మనిషి కావాలి: 2019 డిసెంబరు 31న దానికి గండి పడింది. ఎంత తెలివైన యంత్రమైనా మట్టికట్టను కాయలేదు కదా!

నడిగడ్డలో, అంటే గద్వాల వైపు, చిక్కు వేరు. కర్ణాటకలోని రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే తుంగభద్ర కాలువ కింద తెలంగాణకు 87,500 ఎకరాల ఆయకట్టు, 15.9 టీఎంసీల వాటా ఉన్నాయి. చివరి భూములకు నీరందక అలంపూర్ రైతులు ఏళ్లుగా గొంతెత్తుతున్నారు.

నాగర్‌కర్నూలు జిల్లాలో కాపాడాల్సింది అడవి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, చెంచుల ఆవాసాలైన పెంటలు ఆ అడవిలోనే ఉన్నాయి.