ఇంటిపేరు – కలంపేరు

నిమ్మాడలో చదువుకొను దినములలో నేనొక కథ వ్రాసి, దాని క్రింద ఇంపైన సంస్కృతనామ మొకటి పెట్టుకొంటిని. మా తాతగారు ఆ కాగితమును చూచి, "పేరు బాగున్నదిరా, మరి మన యింటిపేరేదీ?" అనిరి. నాకు బదులు తోచలేదు.

తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. శ్రీరంగము, రాచకొండ వలె పెక్కు ఇండ్లపేర్లు ఊళ్లపేర్లే. ఊరు విడిచినను దాని పేరు వంశము వెంట వచ్చును. కలంపేరు పెట్టుకొనువాడు దీనిని వదలవలెనా?

మన ప్రాంతపు కథకులు వదలలేదు, కుదించిరి. 1915లో శ్రీకాకుళమున జన్మించిన చాగంటి సోమయాజులుగారు 'చాసో' అయిరి. 1922లో అక్కడనే పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు 'రావిశాస్త్రి' అయిరి. 1924లో మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావుగారు 'కారా' అయిరి. మూడింటను మొదటి యక్షరము ఇంటిది, తరువాతిది తమది.

విశాఖపట్టణపు శ్రీశ్రీగారి సంగతి మరియు విశేషము. వారు పూడిపెద్దివారింట పుట్టి, శ్రీరంగమువారికి దత్తు పోయిరి. కావున ఆ రెండు 'శ్రీ'లలో మొదటిది దత్తతవలన వచ్చినది, రెండవది శ్రీనివాసరావను సొంతపేరిది. కిళాంబివారి బిడ్డడైన ఆత్రేయగారు ఇంటిపేరును విడిచిరి గాని, గోత్రనామమునే కలంపేరుగా గ్రహించిరి.

ఇవి తెలిసిన పిమ్మట నేను నా సంస్కృతనామమును మానుకొంటిని. నేడు నా వ్రాతల క్రింద మా యింటి మొదటి యక్షరము ముందు నిలుచుచున్నది. తాతగారు మాత్రము దానిని చూడకయే వెళ్లిపోయిరి.