టెస్టోస్టెరాన్ భర్తీ చికిత్స: పురుషుల్లో హార్మోన్ల తూకం

వృషణాలు తగినంత టెస్టోస్టెరాన్‌ను తయారు చేయలేనప్పుడు ఆ హార్మోన్‌ను ఇంజెక్షన్‌గానో, జెల్‌గానో, గుళికగానో బయటి నుంచి అందించే వైద్యాన్ని టెస్టోస్టెరాన్ భర్తీ చికిత్స అంటారు. తక్కువైన హార్మోన్‌ను నింపడం ఇందులో తేలిక పని. నింపిన తర్వాత ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ ఎటు పోతుంది, రక్తం ఎంత చిక్కబడుతుంది, వీర్యకణాలు ఏమవుతాయి అన్నది కనిపెట్టి ఉండటమే కష్టం. వైద్యులు హార్మోన్ల సమతూకం అని పిలిచేది ఆ కష్టమైన భాగాన్నే.

తెలుగునాట బస్టాండు గోడల మీద ఇదంతా ఒక్క మాటలో ఇమిడిపోయి కనిపిస్తుంది: నరాల బలహీనత. ఆ మాటకు నరాలతో సంబంధం లేదు. షుగరు ముదిరినవాడు, దిగులు జబ్బు ఉన్నవాడు, నిజంగానే టెస్టోస్టెరాన్ తగ్గినవాడు, ఏ జబ్బూ లేకుండా వీర్యం పోతోందని భయపడేవాడు అందరూ దాని కిందికే వస్తారు. చివరి రకం భయానికి మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దానికి హార్మోన్ ఇంజెక్షన్ మందు కాదు. మిగిలినవారిలో ఎవరికి భర్తీ అవసరమో తేల్చేది రక్తపరీక్ష, రోగి చెప్పే లక్షణాలు. ఈ రెండూ కలిస్తేనే నిర్ధారణ, ఒక్కటి సరిపోదు.

ఒంట్లోని గొలుసుకట్టు

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ గంటన్నర, రెండు గంటలకోసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలుగా వదులుతుంది. అది అందగానే పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను పంపుతుంది. ఎల్‌హెచ్ వృషణాల్లోని లేడిగ్ కణాల చేత టెస్టోస్టెరాన్ చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలి కణాల ద్వారా వీర్యకణాల తయారీకి తోడ్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడిలో రోజుకు తయారయ్యే టెస్టోస్టెరాన్ 3 నుంచి 10 మిల్లీగ్రాములే.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు చూసిన ఓరుగల్లు వారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. కింద నీళ్లు చాలనుకుంటే నీరటి పై తూము మూస్తాడు. ఒంట్లో ఆ నీరటి పని హైపోథాలమస్, పీయూష గ్రంథులది. రక్తంలో టెస్టోస్టెరాన్, దాని నుంచి పుట్టే ఈస్ట్రడయాల్ పెరిగితే అవి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను తగ్గించేస్తాయి. కింది చెరువులో ట్యాంకర్లతో నీళ్లు పోసినా తూము మూతపడుతుంది. ఆ నీళ్లు ఎక్కడివని నీరటి అడగడు. భర్తీ చికిత్సలో వచ్చే చిక్కుల్లో ముఖ్యమైనవి ఇక్కడే మొదలవుతాయి.

రక్తంలో తిరిగే టెస్టోస్టెరాన్‌లో స్వేచ్ఛగా ఉండేది 2 శాతం దాకానే. తక్కినది అల్బుమిన్‌కు, ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌కు అంటుకుని ఉంటుంది. కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ కొంత టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రడయాల్‌గా మారుస్తుంది. చర్మంలో, ప్రొస్టేట్‌లో మరికొంత డీహెచ్‌టీ అనే హార్మోన్ అవుతుంది. మొటిమలు, బట్టతల దాని పుణ్యమే.

లోపం ఎందుకు వస్తుంది

వృషణాలే దెబ్బతింటే ఎల్‌హెచ్ పెరిగి టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, యుక్తవయసు దాటాక వచ్చిన గవదబిళ్లలు వృషణాలకు పాకడం, కేన్సర్ చికిత్స ఇందుకు కారణాలు. ఒకప్పుడు తెలంగాణలో కుష్ఠు కూడా ఒక కారణమే. ఆ క్రిములు శరీరంలో చల్లగా ఉండే చోట్లను వెతుక్కుంటాయి, వృషణాలు అలాంటి చోటే. పాత కుష్ఠు రోగుల్లో కొందరు మగవారికి రొమ్ములు పెరగడం వెనుక ఉన్నది ఈ హార్మోన్ లోపమే.

పైనున్న గ్రంథుల్లో లోపముంటే ఎల్‌హెచ్ కూడా తక్కువగానో, పెరగాల్సింది పెరగకుండానో ఉంటుంది. ప్రొలాక్టిన్ పెంచే పీయూష గ్రంథి కణితి, వాసన తెలియని కాల్‌మన్ సిండ్రోమ్ ఈ కోవలోవి. తలసీమియా పిల్లలకు పదేపదే రక్తం ఎక్కించడం వల్ల పేరుకునే ఇనుము పీయూష గ్రంథిలో చేరి యవ్వన లక్షణాలను ఆపేస్తుంది. ఒళ్లునొప్పులకని ఆర్ఎంపీలు నెలల తరబడి ఇచ్చే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా ఈ గొలుసును నొక్కేస్తాయి. గుడుంబాతో కాలేయం చెడితే టెస్టోస్టెరాన్ తగ్గి ఈస్ట్రోజెన్ పైచేయి అవుతుంది.

ఇప్పుడు క్లినిక్‌లలో ఎక్కువగా కనిపించేది షుగరు, పొట్ట. రెండో రకం మధుమేహం ఉన్న మగవారిలో సుమారు మూడో వంతుకు టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటుందని అమెరికాలోని బఫెలోలో పరేశ్ దందోనా బృందం 2004లో చూపింది. ఇలాంటివారిలో బరువు తగ్గితే హార్మోన్ దానంతటదే కొంత పెరుగుతుంది. ఆ ప్రయత్నం చేయకుండా సిరంజి పట్టుకోవడం తొందరపాటే.

పరీక్ష ఎప్పుడు, ఎలా

టెస్టోస్టెరాన్ ఉదయం ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. భోజనం చేసినా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం 10 గంటల లోపు, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు రక్తం ఇవ్వాలి. భూపాలపల్లి గనుల్లోనో, కాజీపేట రైల్వేలోనో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారికి గడియారంలోని ఉదయం పనికిరాదు. వారు నిద్ర లేచిన కొద్ది గంటల్లో ఇవ్వడం మేలు. జ్వరంలో, పెద్ద జబ్బు పడి లేచిన వెంటనే చేసే పరీక్షకు విలువ లేదు.

ఊబకాయం లేని యువకుల్లో మామూలు పరిధి డెసిలీటరుకు 264 నుంచి 916 నానోగ్రాములు. అమెరికా యూరాలజీ సంఘం 300ను గీతగా పెట్టుకుంది. లావుగా ఉన్నవారిలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గి మొత్తం లెక్క తక్కువగా కనిపిస్తుంది, స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ బాగానే ఉండవచ్చు. వయసు మళ్లినవారిలో ఇది తలకిందులవుతుంది. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగానూ ఎల్‌హెచ్‌ను తక్కువగానూ చూపిస్తాయి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు వాటిని ఆపాలి. ఈ సంగతి ల్యాబులో అడిగేవారు తక్కువ.

మందు రూపాలు, ఎత్తుపల్లాలు

1935లో అమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం ఎద్దు వృషణాల నుంచి టెస్టోస్టెరాన్‌ను వేరు చేసింది. అదే ఏడాది బుటెనాండ్ట్, రుజిచ్కా ప్రయోగశాలలో తయారు చేశారు. 1939 రసాయన నోబెల్ ఆ ఇద్దరికీ దక్కింది. వట్టి టెస్టోస్టెరాన్ మింగితే కాలేయమే తినేస్తుంది. దాన్ని కొవ్వు ఆమ్లాలకు ముడివేసి, ఎస్టర్‌గా మార్చి నూనెలో కలిపాక గానీ మందు కాలేదు.

మన మందుల దుకాణాల్లో పాతకాపు ఎనాంథేట్ 250 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. వేసిన ఒకటి రెండు రోజుల్లో హార్మోన్ మామూలు పరిధి దాటి పైకెగసి, మూడో వారానికి నేలకు దిగుతుంది. మొదటి వారం హుషారు, చివరి వారం నీరసం, చిరాకు. అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలు వారానికి 75 నుంచి 100, లేదా రెండు వారాలకు 150 నుంచి 200 మిల్లీగ్రాములు అంటాయి. మోతాదును చిన్న విడతలుగా పంచుకుంటే శిఖరం తగ్గుతుంది. శిఖరం తగ్గితే ఈస్ట్రడయాల్‌, రక్తం చిక్కదనం కూడా కొంత సద్దుమణుగుతాయి. సగం సమస్యలకు వేరే మందు కన్నా ఈ సర్దుబాటే ముందు చేయాల్సిన పని.

అండెకనోయేట్ 1000 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ను ఆముదంలో కలిపి ఇస్తారు. రెండోది ఆరు వారాలకు, ఆ తర్వాత 10 నుంచి 14 వారాలకోసారి. 4 మిల్లీలీటర్ల నూనెను పిర్రలో నిదానంగా ఎక్కించాలి. అరుదుగా నూనె తుంపరలు ఊపిరితిత్తులకు చేరి దగ్గు, ఆయాసం తెస్తాయి కనుక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోబెడతారు. నాలుగు ఎస్టర్ల మిశ్రమంగా దొరికే 250 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌లో ఉండేది వేరుశనగ నూనె. పల్లీలు పడనివారు ముందే చెప్పాలి. జెల్ రోజూ పూసుకోవాలి. అది ఆరక ముందు భార్యకో పిల్లలకో అంటితే వారి ఒంట్లోకి హార్మోన్ వెళుతుంది. 40 మిల్లీగ్రాముల అండెకనోయేట్ గుళికలు నూనె తగిలిన భోజనంతో తప్ప సరిగా ఒంటికి పట్టవు. ఇవన్నీ మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందులు, వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు.

ఏ రోజు రక్తం ఇచ్చారో రాసి లేని రిపోర్టును చదవలేం. ఎనాంథేట్ అయితే రెండు సూదులకు సరిగ్గా మధ్యలో, అండెకనోయేట్ అయితే తర్వాతి సూదికి ముందు, జెల్ అయితే పూసిన 2 నుంచి 8 గంటల్లో ఇవ్వాలి. మామూలు పరిధి నడుమన నిలిస్తే చాలు.

ఈస్ట్రడయాల్ మీద అపోహ

ఈస్ట్రోజెన్ ఆడవారిదని, మగవాడిలో దాన్ని అణచాలని జిమ్ముల్లో గట్టి నమ్మకం. 1994లో వెలువడిన ఒక కేసు ఆ లెక్క తప్పని తేల్చింది. ఈస్ట్రోజెన్ పనిచేయని ఒక యువకుడికి 28 ఏళ్లు వచ్చినా ఎముకల చివర్లు అతుక్కోలేదు, పొడుగు పెరుగుతూనే ఉన్నాడు, ఎముకలు మాత్రం బోలు. 2013లో ఫింకెల్‌స్టైన్ బృందం ఆరోగ్యవంతుల హార్మోన్లను ఆపి, కొందరికి టెస్టోస్టెరాన్ మాత్రమే, మరికొందరికి దానితో పాటు అరోమటేజ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి చూసింది. కండ, బలం టెస్టోస్టెరాన్ చేతిలో ఉన్నాయి. కొవ్వు చేరడం ఈస్ట్రోజెన్ తగ్గినందువల్ల. లైంగిక కోరికకు రెండూ కావాలి.

కాబట్టి రొమ్ము నొప్పి, వాపు లాంటివేమీ లేకుండా రిపోర్టులో అంకె చూసి అరోమటేజ్‌ను అడ్డుకునే అనస్ట్రజోల్ మొదలుపెట్టడం మంచి పద్ధతి కాదు. వృద్ధుల్లో అది ఎముక సాంద్రతను తగ్గిస్తుంది. పైగా మామూలు ల్యాబు పద్ధతులు ఆడవారి స్థాయిలకు తయారైనవి, మగవారిలో ఉండే తక్కువ స్థాయిల దగ్గర తడబడతాయి. నిజంగా రొమ్ము పెరుగుతుంటే ముందు మోతాదు, విడతలు సరిచేయాలి. మొదటి నెలల్లోనైతే టామోక్సిఫెన్ పనిచేస్తుంది.

రక్తం, ప్రొస్టేట్, గుండె

టెస్టోస్టెరాన్ ఎర్రకణాలను పెంచుతుంది. లోపం ఉన్నవారి పాలిపోయిన రక్తానికి ఇది మేలే, దాటితే చిక్కు. మన సీబీపీ రిపోర్టుల్లో పీసీవీ అని ఉండే హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపాలి. తగ్గాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆస్ట్రేలియాలో 50 నుంచి 74 ఏళ్ల వారితో రెండేళ్లు నడిచిన టీ4డీఎమ్ పరిశీలనలో అండెకనోయేట్ తీసుకున్నవారిలో మధుమేహం 12 శాతానికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 21 శాతానికి కనిపించింది. ఆ లాభం పక్కనే ఇంకో అంకె ఉంది: 22 శాతం మందికి హెమటోక్రిట్ 54 దాటింది. వరంగల్ మే ఎండలో నీళ్లు తాగకుండా వచ్చి రక్తం ఇస్తే ఆ అంకె ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి పరీక్షను ఒకసారి మళ్లీ చేయించాలి. గురక జబ్బు ఉన్నా హెమటోక్రిట్ పెరుగుతుంది.

ప్రొస్టేట్‌కు చేసే రక్తపరీక్ష పీఎస్‌ఏ 4 దాటితే యూరాలజిస్టు చూడాలి. ప్రొస్టేట్‌కో బట్టతలకో ఫినస్టెరైడ్ వాడేవారిలో పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది కనుక రెట్టింపు చేసి లెక్కించాలి. గుండె జబ్బు ఉన్నవారు, వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవారు 5,200 మందితో జరిగి 2023లో వెలువడిన ట్రావర్స్ పరిశీలనలో జెల్ వల్ల గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంత ఎక్కువ. గుండెపోటు వచ్చి ఆరు నెలలు కానివారికి, ప్రొస్టేట్ లేదా రొమ్ము కేన్సర్ ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు. మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి, తర్వాత ఏటా పరీక్షలు.

సంతానం

హనుమకొండలో సంతాన సాఫల్య కేంద్రానికి వచ్చే కొత్త దంపతులకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇది: బయటి టెస్టోస్టెరాన్ వీర్యకణాలను ఆపుతుంది. తూము మూతపడ్డాక ఎల్‌హెచ్ లేదు, వృషణం లోపలి టెస్టోస్టెరాన్ లేదు. అక్కడ ఉండాల్సింది రక్తంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. ఈ గుణం చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల ఎనాంథేట్‌ను మగవారి గర్భనిరోధకంగా పరీక్షించింది. 1990 నాటి ఆ ఫలితాల్లో చాలామందికి వీర్యకణాలు సున్నా అయ్యాయి, ఆసియావారిలో మరీ ఎక్కువగా. పిల్లలు పుట్టడం లేదని వచ్చి "మగతనం మందు"గా ఈ ఇంజెక్షనే తీసుకుని వెళ్లడం ఎంత విపరీతమో వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలు కావాలనుకునేవారికి దారులు వేరు. పీయూష గ్రంథి లోపమైతే ఎల్‌హెచ్ పని చేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, చాలకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా ఇస్తారు. గ్రంథి బాగుండి బరువు వల్ల తగ్గినవారిలో క్లోమిఫెన్ మాత్రలు ఎల్‌హెచ్‌ను లేపుతాయి. మగవారిలో అది ఆమోదిత వాడకం కాదు, వైద్యుడి విచక్షణ మీద నడుస్తుంది. వృషణాలే దెబ్బతింటే ఈ మందులతో పెద్దగా లాభం లేదు. వీర్యకణాలు అసలే లేనివారిలో వై క్రోమోజోమ్ ముక్కలు లోపించడం ఒక కారణం.

ఆపేశాక తూము మళ్లీ తెరుచుకోవడానికి సమయం పడుతుంది. గర్భనిరోధక పరిశీలనల లెక్కలన్నీ కలిపి 2006లో చూస్తే ఆరు నెలల్లో 67 శాతం మంది, ఏడాదిలో 90 శాతం, రెండేళ్లలో దాదాపు అందరూ మిల్లీలీటరుకు 2 కోట్ల వీర్యకణాల స్థాయికి చేరారు. వారు ముందు నుంచీ ఆరోగ్యవంతులు. జిమ్ములో రెండు మూడు మందులు కలిపి ఏళ్ల తరబడి వాడినవారికి ఆ లెక్క వర్తించదు.

చూపించుకునే చోట్ల విషయానికొస్తే, వరంగల్‌లో 1959 నుంచి కాకతీయ వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఎంజీఎం ఆసుపత్రి ఉన్నాయి. రాష్ట్ర వైద్య కళాశాలలు అనుబంధంగా ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కేంద్రం కూడా ఈ నగరమే. ఎండోక్రైనాలజీలో ప్రత్యేక శిక్షణ ఇచ్చే పాత విభాగాలు హైదరాబాద్‌లోని ఉస్మానియా, నిమ్స్‌లవి, అంటే సుమారు 145 కిలోమీటర్ల దూరం. అక్కడికి వెళ్లేవారు వెంట తీసుకెళ్లాల్సిన కాగితాల్లో ఒకటి చాలాసార్లు ఇంట్లోనే ఉండిపోతుంది: ఏ తేదీన ఏ ఇంజెక్షన్, ఎన్ని మిల్లీగ్రాములు వేయించుకున్నారో రాసిన చీటీ.