పాలమూరు పేరు వెనుక ఒక ఉస్తాద్

పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది. ఆ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. ఆయనకు చదువు చెప్పిన మౌల్వీ అన్వరుల్లా ఫారూఖీ ఊసు మాత్రం ఇక్కడ పెద్దగా వినిపించదు. నాందేడ్ వైపు నుంచి వచ్చిన ఈయన 1876లో హైదరాబాదులో జామియా నిజామియా మదరసా స్థాపించారు. తర్వాత ఏడో నిజాంకూ ఉస్తాద్ అయ్యారు. 1918లో కన్నుమూశారు.

నన్ను ఆకట్టుకునేది దర్బారు హోదా కాదు, ఆయన గురుపరంపర. 1857 తిరుగుబాటు తర్వాత మక్కా చేరిన హాజీ ఇమ్దాదుల్లాకు అన్వరుల్లా శిష్యుడు. 1866లో దేవబంద్ మదరసా పెట్టినవారిలో ముఖ్యులూ ఇమ్దాదుల్లా మురీదులే (శిష్యులే). ప్రవక్త పుట్టుకను స్మరించే మిలాద్ జరపాలా, దర్గాలో జరిగే ఉర్సుకు వెళ్లాలా, చనిపోయినవారి కోసం ఫాతెహా చదవాలా అని ఉత్తరాదిలో ఉలమాలు (మతపండితులు) కలహించుకుంటుంటే, ఇమ్దాదుల్లా ఏడు వివాదాల మీద ఓ చిన్న పుస్తకం రాశారు. తాను మిలాద్‌లో పాల్గొంటానన్నారు. పాల్గొననివాణ్ణి నిందించవద్దనీ అన్నారు. సొంత శిష్యుల్లోనే కొందరికి అది రుచించలేదు. మధ్యస్థుడి మాట రుచించడం ఎప్పుడూ కష్టమే.

ఆ తగాదా మన పల్లెలకు దూరమేమీ కాదు. పాత నల్గొండ జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాకూ, పాత పాలమూరులోని జహంగీర్ పీర్ దర్గాకూ హిందువులూ మొక్కుకుని వెళ్తారు, కందూరు (మొక్కుబడి విందు) చేస్తారు. పిల్లలకు సైదులు, సైదిరెడ్డి, జహంగీర్ అని పేర్లు పెట్టుకుంటారు. దర్గా దర్శనమే తప్పనేవారు ముస్లింలలో ఉన్నారు. నిజామియా సంప్రదాయం మాత్రం జియారత్ (దర్శనం) చేయమంటుంది, గోరీకి సజ్దా (సాష్టాంగం) చేయవద్దంటుంది. వద్దన్నది స్పష్టంగా వద్దంటూనే, వచ్చినవారిని తరిమేయని పద్ధతి అది.

నిజామియాలో ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) చదువులోనూ ఈ ఓర్పు ఉంది. ఇక్కడ పాటించేది హనఫీ మార్గమైనా, షాఫయీ, మాలికీ, హంబలీ ఇమాములు అదే విషయంలో ఏమన్నారో విద్యార్థి తెలుసుకోవాలి. వారిని తప్పుదారి పట్టినవారని అనకూడదు. ముఫ్తీ ఫత్వా రాసి, చివర ‘సరైనదేదో అల్లాకే బాగా తెలుసు’ అని చేర్చి సంతకం పెడతాడు. అలవాటుగా రాసే వాక్యమే కావచ్చు, కానీ రాయక తప్పదు.

లోటు భాష దగ్గర ఉంది. ఈ చదువంతా అరబీ, ఉర్దూల్లో సాగుతుంది. పల్లెల్లో ముస్లింలైన దూదేకుల ఇళ్ల మాట తెలుగు. ఖురాన్‌ను మొదట తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితుడు, అదీ స్వాతంత్ర్యానికి ముందే. ఇమ్దాదుల్లా చిన్న పుస్తకాన్ని పల్లె మసీదులో తెలుగులో చదివి వినిపిస్తే ఎంత బాగుండేది! ఆ పని మదరసాల్లో చదివి ఊళ్లకు తిరిగొచ్చే మౌల్వీలే చేయగలరు.