కూలి ముట్టింది, పాట ఎవరిది?

కంపెనీలో నేను రాసే కోడ్ నాది కాదు. నెలనెలా జీతం పడుతుంది, కోడ్ వాళ్లదవుతుంది. ఇందులో నాకెప్పుడూ అన్యాయం కనిపించలేదు. అందుకే 2017 మార్చిలో, అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా లాయర్ నోటీసు వెళ్లినప్పుడు, నాకు రాజా మీదే కోపమొచ్చింది. నిర్మాత డబ్బిచ్చాడు, ఈయన బాణీ ఇచ్చాడు, లెక్క సరిపోయింది కదా! పైగా అవి బాలు పాటకి యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా పెట్టిన కచేరీలు.

సరిగ్గా నా లెక్కనే నలభై ఏళ్ల ముందు సుప్రీంకోర్టు కట్టిందని తర్వాత తెలిసింది.

1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారా హిల్స్ రాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తెలుగు సినిమా మద్రాసు నుంచి నెమ్మదిగా ఇటు కదులుతున్న రోజులు. పాటల రికార్డింగులు మాత్రం ఇంకా చాలా ఏళ్లు అక్కడే జరిగాయి. మరుసటేడు మార్చిలో ఐపీఆర్ఎస్ కేసు తీర్పొచ్చింది. 1969లో పుట్టిన ఈ సంఘం, సినిమా పాటని బయట వినిపిస్తే రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ వాటా రావాలంది. కోర్టు ఒప్పుకోలేదు. డబ్బిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకూ సొంతదారు నిర్మాతే అంది.

ఆ తీర్పుకి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా ఒక మాట చేర్చారు. మన సంగీతానికి ప్రాణం పోసేది పాడే మనిషి, చట్టంలో అతనికి చోటే లేదని ఆయన బాధ. ఆ చోటు 1994లో గానీ దొరకలేదు. బాలు మొదటి సినిమా పాట పాడింది 1966లో.

వ్యాపారం పాటకి కొలతలు పెట్టడం కొత్త కాదు. గ్రామఫోన్ ప్లేటు ఒకవైపు మూడు నిమిషాలకి కాస్త అటూఇటుగా పట్టేది. ఆ కొలతలోనే ఘంటసాల ఎంత పాడలేదు! ఇవాళ స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే. సినిమా పూర్తికాకముందే ఫిల్మ్‌నగర్‌లో ఆడియో హక్కులు అమ్ముడుపోతాయి. కొన్న కంపెనీకి ఆ డబ్బు త్వరగా తిరిగి రావాలి. రిలీజుకి ముందే లిరికల్ వీడియో ఎక్కాలి, రీల్స్‌కి ఒక స్టెప్పు దొరకాలి. తీరిగ్గా వాద్యాలతో మొదలయ్యే పాటని ఎవరు అడుగుతారు?

నా దృష్టిలో అసలు చిక్కు కొలత కాదు, వాటా. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చే రాబడిలో భాగం ఉన్నవాడు, నిదానంగా ఎక్కే పాట కట్టడానికి తెగించగలడు. ఒక్కసారి కూలి అందుకుని వెళ్లేవాడు ఈ శుక్రవారానికి పనికొచ్చేదే కట్టాలి.

2012 సవరణ ఈ సంగతి కొంత గుర్తించింది. సినిమా హాల్లో ఆ సినిమాతో పాటు వినిపించేది తప్ప, మిగతా వాడకాల మీద రాయల్టీలో రచయితకీ సంగీత దర్శకుడికీ సమాన వాటా ఉండాలంది. ఆ వాటా వదులుకుంటానని సంతకం పెట్టినా చెల్లదు. గాయకులకీ రాయల్టీ హక్కొచ్చింది. రాజ్యసభలో దీనికోసం గట్టిగా మాట్లాడింది కవి జావేద్ అఖ్తర్.

2019లో బాలు, రాజా మళ్లీ ఒకే వేదికెక్కారు. మరుసటేడు బాలు వెళ్లిపోయారు. నేను మూడేళ్ల కిందట రాసిన కోడ్ ఇప్పటికే తీసేశారు, దాన్ని ఎవరూ కూనిరాగం తీయరు. వాళ్ల పాట మాత్రం మా ఆఫీసు క్యాబ్‌లో రాత్రి పదకొండుకి కూడా మోగుతూనే ఉంది. జీతం లెక్క ఆ పాటకి ఎలా సరిపోతుందనుకున్నానో!