పచ్చబారిన కాసు

ఖమ్మముసీమ దాటి భద్రాచలపుటడవులు మొదలగుచోట నాగటిచాలున పచ్చబారిన కాసొకటి బయటపడిన దనుకొందము. దానిపై మనుష్యుని తల కానవచ్చినచో, చదువుకొన్న యింట వెంటనే రోమక చక్రవర్తి పేరు వినబడును. తొందరపడరాదు. ఆ సీమయందలి నేలకొండపల్లిలో ప్రాచీన బౌద్ధస్తూపము కలదు గావున, పాతనాణెము దొరకుట వింత గాదు; కాని అది రోమునుండియే వచ్చెననుటకు తలయొక్కటి చాలదు. గౌతమీపుత్ర శాతకర్ణియు, యజ్ఞశ్రీ శాతకర్ణియు తమ వెండినాణెములపై తమ తలలను ముద్రింపించిరి గదా!

తెలుగుదేశమునకు రోము ధనము రాకపోలేదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1531 వెండినాణెములు ఒక్కచోట దొరకినవి. వానిలో అగస్టసు, తైబీరియసు చక్రవర్తులవి మెండు. వినుకొండలో 1889లో 15 బంగారునాణెములు లభించినవి. కంచు సంగతి వేరు. బంగారము ఏ దేశమున కరిగించినను బంగారమే. కంచుకాసునకో, లోహపు వెలను మించిన వెలను రోమక ప్రభుత్వము తన యేలుబడిలో కట్టినది. సముద్రము దాటినంతనే ఆ వెల పోవును. మిరియములకును, సన్నని వస్త్రములకును మారుగా దానిని మన వర్తకు లేల పుచ్చుకొందురు? క్రీ. శ. 4, 5 శతాబ్దముల చిన్న కంచుకాసులు మాత్రము కరూరు, మధుర ప్రాంతములందును, సింహళమునందును విస్తారముగా దొరకినవి.

అట్టి కాసు నిజముగా చేత బడినచో, తలచుట్టునున్న అక్షరములను మొదట చూడవలెను. అవి బ్రాహ్మీలిపియైనచో నాణెము మనదే. రోమక లిపియైనచో ‘ఎ, వి, జి’ యను మూడక్షరములకై వెదకవలెను. అది ‘అగస్టసు’ బిరుదునకు పొట్టిరూపు. తొలి చక్రవర్తుల పెద్ద యిత్తడికాసు రెండు తులములకు పైబడి తూగును. వెనుకవైపున సెనేటు ఆజ్ఞను దెలుపు ‘ఎస్, సి’ యను రెండక్షరములు సాధారణముగా పెద్దవిగా నుండును. ‘టి, ఆర్, పి’ తరువాతి అంకె ఏటేట పెరుగునది గావున, అది చెడక నిలిచినచో ముద్రించిన సంవత్సరమే తెలియును. కడపటి కాలపు చిన్నకాసుపై రాజు తలకు ముత్యాలపట్టము, వెనుక ధ్వజమున కిరుప్రక్కల నిలిచిన యిద్దరు భటులు, వారి పాదములక్రింద టంకసాల గురుతు తరచుగా గానవచ్చును.

ఈ చిన్న గురుతులనే మన యిండ్లలో చింతపండు హరించుచున్నది. దేవుని గిన్నెను తోమినట్లే పాతకాసును తోముట మన యిల్లాండ్రకు శుభ్రత. ఆ పచ్చపొరతోడనే అక్షరములును పోవుచున్నవని వారికి చెప్పినవారు లేరు. మంచినీటిలో నానబెట్టి మట్టి విడిపించిన జాలును. ఏ చేనిలో, ఎంత లోతున, కుండలోనా యిటుకలనడుమనా దొరకెనో వెంటనే వ్రాసి యుంచవలెను. 1878 నాటి నిక్షేపముల చట్టము పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపుమనుచున్నది. దండనభయమున దాచువారే హెచ్చు.

దాచుట, కరగించుట క్రొత్తవి గావు. 1786లో నెల్లూరు చేరువ నొక రైతు దున్నుచుండగా నాగలి యిటుకకట్టునకు తగిలెను. త్రవ్వగా చిన్న గుడి యొక్క శిథిలములును, వానిక్రింద రోమక నాణెముల కుండయు బయటపడినవి. ట్రాజను, హాడ్రియను, ఫాస్టీనాల తలలు గల మేలిమి బంగారమది. అతడు పాత బంగారముగా నమ్మెను; కొన్నవారు చాలవరకు కరగించిరి. ఆర్కాటు నవాబు కుమారునిచేత ముప్పదికి పైచిలుకు మాత్రము దక్కినవి. కుంపటిలో బడినవానిపై మరి యెవరి తలలుండెనో చెప్పగలవారు లేరు.