బేరం ఆగిన రోజుల్లో అందిన ఆసరా

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. టిఫిన్ బండి, పూల బుట్ట, కుట్టు మిషన్ అన్నీ ఆగిపోయాయి. కేంద్రం మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు రూ.500 చొప్పున మూడు నెలలు వేసింది. సంఘాలకు పూచీకత్తు లేని అప్పు పరిమితిని రూ.10 లక్షల నుంచి రూ.20 లక్షలకు పెంచింది. జూన్‌లో పట్టణ వీధి వ్యాపారుల కోసం పీఎం స్వనిధి వచ్చింది: రూ.10,000 అప్పు, ఏడాదిలో వాయిదాలు, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ.

ఈ మూడింటిలో తిరిగి కట్టనక్కర్లేనిది ఒక్కొక్కరికి రూ.1,500 మాత్రమే. మిగతావి అప్పులే. అప్పుతో బండి మళ్లీ రోడ్డెక్కింది గానీ, పోయిన రోజుల సంపాదన తిరిగి రాలేదు. స్వనిధికి వ్యాపార గుర్తింపు కార్డో, మున్సిపాలిటీ సిఫారసు లేఖో చూపాల్సి వచ్చింది. అందుకే అక్కచెల్లెళ్లారా, పొదుపుతో పాటు ఆ కార్డు కూడా కష్టం రాకముందే మన చేతిలో ఉండాలి.